ఇంట్లోనే సంగీత సర్వర్: ఒకే పాట అన్ని గదుల్లో ఒకే క్షణంలో వినిపించేలా అమర్చుకునే పద్ధతి

ఒకే పాట హాల్లో, వంటగదిలో, పూజ గదిలో, మిద్దె మీది గదిలో ఒకేసారి వినిపించేలా ఏర్పాటు చేసుకోవడం ఎలా అని అడిగేవారిలో ఎక్కువమంది అప్పటికే స్పీకర్లు కొని ఉంటున్నారు. నిజానికి స్పీకర్లు చివరగా కొనవలసినవి. ముందు వైరు, తరువాత పాటల ఫైళ్లు, ఆ తరువాత సర్వర్, అది కుదిరాక ఒక్క గది, ఆ గది వారం రోజులు తడబడకుండా నడిచాకే రెండో గది. అన్నీ ఒకేసారి మొదలుపెడితే, పాట ఆగినప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకోవడమే పెద్ద పని అవుతుంది.

కింద రాసినది తిరుపతిలో మా ఇంట్లోనూ, చిత్తూరులో మా అక్క ఇంట్లోనూ అమర్చి రోజూ వాడుతున్న పద్ధతి. పాటలు మన డిస్కులోనే ఉంటాయి కనుక ఇంటర్నెట్ ఆగినా సంగీతం ఆగదు. ఇంటి లోపలి నెట్‌వర్క్ నడిస్తే చాలు.

1. ముందు ఇంటి పటం గీసుకోండి

ఒక కాగితం మీద గదులు, గోడలు, ప్లగ్ పాయింట్లు, రౌటర్ ఉన్న చోటు గీయండి. మన ఇళ్లలో కాంక్రీటు స్లాబు, ఇటుక గోడలు కలిసి వైఫై సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక గది దాటేసరికే పలచబడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది గాని, చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అందులోనే ఉండటం వల్ల రద్దీ ఎక్కువ.

పటంలో ప్రతి గది పక్కన ఈ నాలుగూ రాయండి:

□ వైరు లాగే వీలుందా, లేక వైఫై తప్పదా
□ ప్లగ్‌లో ఎర్త్ నిజంగా పనిచేస్తోందా (ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి)
□ ఆ ప్లగ్ ఇన్వర్టర్ లైను మీద ఉందా
□ నూనె ఆవిరి, కర్పూరం పొగ, వాన జల్లు తగిలే చోటా

2. ఏవి కావాలి, ఏవి వద్దు

ఈ ఏర్పాటులో మూడు భాగాలు ఉంటాయి. పాటలను దాచి పంపేది సర్వర్. ప్రతి గదిలో వాటిని అందుకునేది ప్లేయర్. ప్లేయర్ నుంచి వచ్చే డిజిటల్ సంకేతాన్ని స్పీకర్‌కు తగినట్టు మార్చేది డాక్.

సర్వర్‌గా 2 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు సరిపోతుంది (కింద క్లుప్తంగా ‘పై’ అంటే ఈ రకం బోర్డే). అది సుమారు 5 వాట్లు వాడుతుందనుకుంటే, రోజంతా వేసి ఉంచినా నెలకు నాలుగు యూనిట్లలోపే కరెంటు ఖర్చవుతుంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ 60 వాట్లు తీసుకుంటే అదే లెక్కన నెలకు 43 యూనిట్లు అవుతుంది. మూలన ఉన్న పాత కంప్యూటర్‌ను వాడుకుందామనే ఆలోచన మంచిదే గాని, ఏడాది కరెంటు బిల్లు లెక్క వేసుకున్నాకే నిర్ణయించండి.

ప్లేయర్లుగా పై 3బి ప్లస్, పై 4 బాగా పనిచేస్తాయి. పై జీరో 2 డబ్ల్యూ చవక, చిన్నది. కానీ దానికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంది, లాన్ పోర్టు లేదు. పై 4లో హెడ్‌ఫోన్ జాక్ ఉన్నా దాని ధ్వనిలో సన్నని బుసబుస ఉంటుంది. పై 5లో, పై జీరో 2లో ఆ జాక్ కూడా లేదు. అందువల్ల ప్రతి ప్లేయర్‌కూ యూఎస్‌బీ డాక్ గాని, బోర్డు మీద కూర్చునే డాక్ గాని తప్పనిసరి.

బ్లూటూత్ స్పీకర్లను ఈ పనికి వాడవద్దని గట్టిగా చెబుతాను. అవి పాటను అందుకుని, విప్పి, వినిపించడానికి తీసుకునే ఆలస్యం ఒక్కో మోడల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది. ఒకే గదిలో వింటే అది తెలియదు. రెండు గదుల మధ్య నిలబడితే పాట రెండుగా వినిపిస్తుంది.

3. వైరు, వైఫై, కరెంటు

సీడీ నాణ్యతలో ఉన్న ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రూపం) పాటకు సెకనుకు ఒక మెగాబిట్‌కు అటూ ఇటుగా సరిపోతుంది. నాలుగు గదులకూ కలిపి ఆరు మెగాబిట్లు దాటదు. కాబట్టి ఇంటర్నెట్ ప్లాన్ వేగం పెంచుకోవడం వల్ల ప్రయోజనం ఏమీ ఉండదు. పాట తెగేది వేగం చాలక కాదు, వైఫై మధ్య మధ్యలో క్షణకాలం మూగబోవడం వల్ల.

సర్వర్‌కు మాత్రం వైఫై వద్దు. రౌటర్ నుంచి క్యాట్ 6 కేబుల్‌తోనే కలపండి. సర్వర్ వైఫైలో ఉంటే ప్రతి పాటా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి: ఒకసారి సర్వర్ నుంచి రౌటర్‌కు, మరోసారి రౌటర్ నుంచి గదికి. అంతేగాక యూఎస్‌బీ 3 డిస్కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అంతరాయం కలిగిస్తుంది. కాబట్టి డిస్కును రౌటర్ పక్కన ఆనించి పెట్టకుండా కనీసం ఒక మూర దూరంలో ఉంచండి.

లాన్ కేబుల్‌ను కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చేస్తామని పనివాళ్లు అంటే ఒప్పుకోకండి. అది ప్రమాదం, పైగా స్పీకర్‌లో గుయ్యిమనే శబ్దానికి కూడా దారి తీయవచ్చు. వేరే పైపు వేయించండి, లేదా గోడ అంచున కేసింగ్‌లో లాగించండి. ఒక్కో కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కనుక ఇంటికి దూరం సమస్య కాదు.

మిద్దె మీది గదికి ఆరుబయట నుంచి రాగి కేబుల్ లాగడం మన ప్రాంతంలో మంచిది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో పిడుగులు పడినప్పుడు, ఆ కేబుల్ గుండా వచ్చే అధిక వోల్టేజి రౌటర్‌ను, సర్వర్‌ను కలిపి కాల్చేయగలదు. మెట్ల పక్కగా ఇంటి లోపలి నుంచే లాగండి. అలా కుదరకపోతే మెట్ల దగ్గర మరో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టి, దాని దాకా కేబుల్ ఇచ్చి, అక్కడి నుంచి వైఫై వాడండి. ప్లగ్‌లో గుచ్చే రిపీటర్ల కన్నా ఇది ఎంతో నమ్మకమైనది.

కరెంటు విషయం మరీ ముఖ్యం. పై 4కు 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్, పై 5కు 5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఫోన్ ఛార్జర్ పెడితే బోర్డు వెలుగుతుంది, పాటా వస్తుంది. డిస్కు తిరగడం మొదలయ్యాక వోల్టేజి పడిపోయి మధ్యలో ఆగిపోతుంది. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్, సర్వర్‌కు దాని సొంత యూపీఎస్ పెట్టండి. ఇన్వర్టర్ ఉన్నా ఇవి అవసరమే, ఎందుకంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే చిన్న బోర్డులు రీస్టార్ట్ అవుతాయి.

ఒక నవంబరు రాత్రి వానలో కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. అప్పటికి మా సర్వర్‌కు యూపీఎస్ లేదు. తెల్లారి చూస్తే మెమరీ కార్డు పాడైంది. పాటలు వేరే డిస్కులో ఉన్నాయి కనుక బతికాయి గాని, మా అమ్మ ఒక్కొక్కటిగా ఏరి కూర్చుకున్న ప్లేలిస్టులన్నీ కార్డుతో పాటే పోయాయి. ఆమె వాటిని మళ్లీ గుర్తు తెచ్చుకుని రాయించడానికి రెండు నెలలు పట్టింది.

4. పాటల ఫైళ్లను సర్దుకోవడం

ఎక్కువ సమయం పట్టేది, ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. సర్వర్ ఫైలు పేరు చూసి కాకుండా, ఫైలు లోపల ఉన్న ట్యాగులు, అంటే గాయకుడు, ఆల్బమ్ వంటి వివరాలు చూసి పాటలను వర్గీకరిస్తుంది. ట్యాగులు గజిబిజిగా ఉంటే ఎంత మంచి సర్వర్ పెట్టినా వెతికిన పాట దొరకదు.

మీరు కొన్న సీడీలను ఫ్లాక్ రూపంలోకి మార్చండి. ఒక గంట సీడీ సంగీతం మామూలుగా సుమారు 635 మెగాబైట్లు ఉంటుంది. ఫ్లాక్‌లో నాణ్యత ఏమాత్రం పోకుండా దాదాపు 300 నుంచి 400 మెగాబైట్లకు తగ్గుతుంది. ఆ లెక్కన 1 టెరాబైట్ డిస్కులో 2,500 గంటల సంగీతం పడుతుంది. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్ గీతలు పడ్డ సీడీలను కూడా ఓపికగా చదువుతుంది. ఇప్పటికే ఎంపీ3లో ఉన్న పాటలను మాత్రం ఫ్లాక్‌లోకి మార్చకండి. పోయిన నాణ్యత తిరిగి రాదు, జాగా మాత్రం పెరుగుతుంది.

ఇక ట్యాగులు. మన ఊళ్లో ఏ ఇంటి పాటల పెట్టెలోనైనా అన్నమయ్య సంకీర్తనలు ఉంటాయి కనుక దానినే ఉదాహరణగా తీసుకుందాం. ఒకే సంకీర్తనను పదిమంది పాడి ఉంటారు. రచయిత పేరు ఒక ఫైలులో ‘అన్నమయ్య’ అని, ఇంకో ఫైలులో ‘అన్నమాచార్య’ అని, మరొకదానిలో ‘తాళ్లపాక అన్నమాచార్యులు’ అని ఉంటే సర్వర్ దృష్టిలో వారు ముగ్గురు వేర్వేరు మనుషులు. ‘ఘంటసాల’, ‘ఘంటశాల’ కూడా అంతే. పేరు చివర ఒక్క ఖాళీ ఎక్కువున్నా అది కొత్త పేరే.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. పొల్లు తరువాత అక్షరాలు కలవకుండా ఉండటానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తును చేరుస్తాయి. చూడటానికి రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, జాబితాలో మాత్రం రెండుసార్లు కనిపిస్తాయి. ఇలాంటివి కనిపిస్తే సరిచేయడానికి ప్రయత్నించకుండా, ఒక పేరును కాపీ చేసి మిగిలిన అన్నిటిలోనూ అదే అతికించండి.

ట్యాగులు మార్చే ప్రోగ్రామ్ ఒకటి, ఎంపీ3 ట్యాగ్ గాని, కిడ్3 గాని తీసుకుని ఈ వరుసలో పని చేయండి:

1. పాత ఎంపీ3లలో ఉండే ఐడీ3 మొదటి తరం ట్యాగులను తొలగించండి. వాటిలో తెలుగు పట్టదు.
2. యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంట్లలో రాసినవి ఇంగ్లిషు అక్షరాల చిత్తుగా కనిపిస్తాయి. అవి తిరిగి టైపు చేయవలసినవే.
3. గాయకుడు, రచయిత, ఆల్బమ్, ఆల్బమ్ ఆర్టిస్టు గడులను వేర్వేరుగా నింపండి. పదిమంది గాయకులున్న ఆల్బమ్‌కు ఆల్బమ్ ఆర్టిస్టు గడిలో అన్ని పాటలకూ ఒకే మాట పెట్టకపోతే ఆ ఆల్బమ్ పది ముక్కలవుతుంది.
4. శాస్త్రీయ సంగీతానికి, కీర్తనలకు రాగం పేరును జానర్ గడిలో రాయండి. ఇది నా సొంత అలవాటు; మోహన రాగం పాటలన్నీ ఒక్క నొక్కుతో రావడం ఎంత హాయిగా ఉంటుందో చేసి చూస్తేనే తెలుస్తుంది.
5. ప్రతి ఆల్బమ్ ఫోల్డర్‌లో అట్ట బొమ్మను ఇంగ్లిషు అక్షరాల్లో ‘కవర్’ అనే పేరుతో ఉంచండి.

ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు గాని చిన్నవిగా ఉంచండి. లినక్స్ డిస్కుల్లో ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు ఉంది. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. అంటే గుణింతాలు, పొల్లులు అన్నీ కలిపి 85 గుర్తులే. పల్లవి మొత్తం ఫైలు పేరుగా పెట్టినవారికి కాపీ మధ్యలో ఆగిపోయేది ఇందుకే.

5. సర్వర్‌ను నిలబెట్టడం

నేను సూచించేది లిరియన్ మ్యూజిక్ సర్వర్. ఇది ఒకప్పటి లాజిటెక్ మీడియా సర్వర్. 2024లో పేరు మారింది, ఉచితం. పాటల జాబితా, గదుల సింక్ (అన్ని గదుల్లో పాట ఒకే క్షణంలో నడిచేలా చూడటం), అలారం మూడూ ఇందులోనే ఉన్నాయి. స్నాప్‌కాస్ట్ అనే మరో పద్ధతి సింక్‌లో చాలా కచ్చితమైనదే గాని, దానికి పాటల జాబితాను చూసుకునే ప్రోగ్రామ్‌ను విడిగా జత చేయాలి. మొదటిసారి చేసేవారికి అది అదనపు బరువు.

దీన్ని పైకోర్‌ప్లేయర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడపండి. అది మొదలయ్యాక మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది, మెమరీ కార్డు మీద అదేపనిగా రాయదు. కరెంటు ఉన్నట్టుండి పోయినా కార్డు పాడయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. నేను దానికి మారింది ఆ వాన రాత్రి తరువాతే.

1. పైకోర్‌ప్లేయర్‌ను మెమరీ కార్డుకు ఎక్కించి, బోర్డులో పెట్టి, లాన్ కేబుల్ తగిలించి ఆన్ చేయండి.
2. రౌటర్ పేజీలో ఆ బోర్డుకు వచ్చిన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా అంకె) చూసి, అదే అడ్రస్ ఎప్పటికీ దానికే దక్కేలా రిజర్వ్ చేయండి. ఈ మెట్టు వదిలేస్తే నెలకొకసారి సర్వర్ కనిపించడం లేదని ఇల్లంతా వెతుక్కోవలసి వస్తుంది.
3. కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ తెరిచి, ముందుగా కార్డులోని విభజనను పెంచండి. మొదట ఉన్న జాగాలో సర్వర్ ప్రోగ్రామ్ పట్టదు.
4. టైమ్ జోన్‌ను భారత కాలమానానికి మార్చండి.
5. సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేయండి.
6. పాటల డిస్కును మౌంట్ చేయండి, అంటే సర్వర్ దాన్ని చదివేలా జత చేయండి. డిస్కు లినక్స్ వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే మంచిది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుకు అదనపు ప్యాకేజీ కావాలి.
7. సర్వర్ తన జాబితాను, సెట్టింగులను, ప్లేలిస్టులను కార్డులో కాకుండా ఆ డిస్కులోనే దాచేలా మార్చండి.
8. మార్పులన్నిటినీ సేవ్ చేయండి. ర్యామ్‌లో నడుస్తుంది కనుక సేవ్ చేయని మార్పు రీస్టార్ట్‌తో పోతుంది.
9. ఐపీ అడ్రస్ తరువాత కోలన్ పెట్టి 9000 రాస్తే సర్వర్ పేజీ తెరుచుకుంటుంది. పాటల ఫోల్డర్ చూపించి స్కాన్ మొదలుపెట్టండి.

ఈ 9000 పోర్టును రౌటర్‌లో బయటి ప్రపంచానికి ఎప్పుడూ తెరవకండి. ఈ సర్వర్ ఇంటి లోపలి వాడకానికి తయారైనది. బయటి దాడులను ఆపే బలం దానికి లేదు.

బోర్డును మూసిన అల్మరాలో పెట్టవద్దు. ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలకు చేరితే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెలలో తిరుపతిలో గది గాలే 40 దగ్గర ఉంటుంది. హీట్ సింక్ ఉన్న పెట్టె వాడి, గాలి ఆడే అరలో ఉంచండి.

6. మొదటి గది

హాల్లో ఒక ప్లేయర్ మాత్రమే పెట్టండి. దానికీ పైకోర్‌ప్లేయర్‌నే ఎక్కించి, అందులో పాటను వినిపించే ప్రోగ్రామ్ అయిన స్క్వీజ్‌లైట్ సెట్టింగుల్లో డాక్‌ను ఎంచుకుని, ప్లేయర్‌కు ‘హాలు’ అని పేరు పెట్టండి. అది సర్వర్‌ను తానే వెతికి పట్టుకుంటుంది. వారం రోజులు వాడండి. ఈ వారంలో పాట ఒక్కసారి ఆగినా కారణం తేలేదాకా రెండో గది జోలికి వెళ్లవద్దు.

7. రెండో గది, సింక్ సరిచేయడం

రెండు గదుల్లో పాటను ఒకే క్షణంలో మొదలుపెట్టడం తేలికే. కష్టం దానిని అలాగే నిలపడంలో ఉంది. ప్రతి ప్లేయర్‌లోని గడియారానికి దాని సొంత నడక ఉంటుంది. రెండింటి మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా గంటలో అది 180 మిల్లీసెకన్లవుతుంది. అంటే పాట స్పష్టంగా రెండుగా వినబడుతుంది. సర్వర్ ఎప్పటికప్పుడు ఈ తేడాను కొలిచి, వెనకబడినదాన్ని, ముందుకు పోయినదాన్ని చిన్న చిన్న సవరణలతో దారికి తెస్తుంది. మనం సరిచేయవలసింది డాక్, ఆంప్లిఫయర్, స్పీకర్ల వల్ల వచ్చే స్థిరమైన ఆలస్యాన్ని మాత్రమే.

పరీక్షకు గాత్రం పనికిరాదు. మృదంగం తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) పెట్టండి. ఒక్కో దెబ్బ విడిగా, పదునుగా ఉంటుంది. రెండు స్పీకర్ల శబ్దాన్నీ సమానంగా ఉంచి, రెండింటికీ సమాన దూరంలో నిలబడండి. మా ఇంట్లో ఆ చోటు హాలుకూ వంటగదికీ మధ్య గడప. ఈ సమాన దూరం ఎందుకంటే, గాలిలో ధ్వని ఒక్కో మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పది మీటర్ల దూరంలోని స్పీకర్ సింక్‌లో ఉన్నా 30 మిల్లీసెకన్లు వెనకే వినబడుతుంది. అది లోపం కాదు, దాన్ని సరిచేయబోతే ఉన్నది చెడుతుంది.

‘తక’ అన్న చోట ‘తతకక’ అని వినిపిస్తే ఆలస్యం ఉన్నట్టు. సర్వర్‌లో ఆ ప్లేయర్ సింక్ సెట్టింగులకు వెళ్లి, ఆడియో ఆలస్యం గడిలో 10 మిల్లీసెకన్ల చొప్పున మార్చుతూ వినండి. రెండు దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాక 2 మిల్లీసెకన్ల చొప్పున అటూ ఇటూ జరపండి. సరైన చోటికి వచ్చినప్పుడు శబ్దం రెండు గదుల్లో కాకుండా గడప మీదే, మీ ఎదురుగా పుట్టినట్టు అనిపిస్తుంది. మా వంటగదిలో సౌండ్‌బార్ ఉండటం వల్ల 60 దాకా పోవలసి వచ్చింది. ఆ అంకెను పటం మీద ఆ గది పక్కన రాసి పెట్టుకోండి.

8. తరచు వచ్చే లోపాలు

స్పీకర్‌లో ఎడతెగని గుయ్యిమనే శబ్దం: ముందు ప్లగ్ ఎర్త్ చూడండి. ఎర్త్ బాగుంటే ప్లేయర్‌ను, ఆంప్లిఫయర్‌ను ఒకే బోర్డు మీది ప్లగ్గులకు మార్చండి. ఎర్త్ పిన్ను విరిచి శబ్దం ఆపే పని మాత్రం ఎన్నటికీ చేయవద్దు. అది ప్రాణానికే ముప్పు.

ఫోన్‌లో సర్వర్ కనిపించకపోవడం: ఫోన్ గెస్ట్ వైఫైలో ఉండవచ్చు, లేదా రౌటర్‌లో పరికరాలను ఒకదానికొకటి కనిపించకుండా చేసే ఐసొలేషన్ సెట్టింగ్ ఆన్ అయి ఉండవచ్చు.

వైఫై గదిలో సాయంత్రం మాత్రమే పాట తెగడం: ఇరుగుపొరుగు రద్దీ. రౌటర్‌లో ఛానెల్‌ను ఆటో నుంచి తీసేసి 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి కట్టేయండి. వీలైతే ఆ ప్లేయర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

ఒక పాట గట్టిగా, తరువాతిది మెల్లగా వినబడటం: ఫైళ్లకు రీప్లే గెయిన్ (పాటలన్నీ ఒకే స్థాయిలో వినబడేలా ఎంత పెంచాలో, తగ్గించాలో చెప్పే అంకె) విలువలు లెక్కగట్టించి, సర్వర్‌లో దాన్ని వాడమని చెప్పండి. పాట ఫైలులోని ధ్వని మారదు.

9. తెల్లవారుజామున అలారం

ఐదింటికి పూజ గదిలో సుప్రభాతం మోగాలని చాలామంది అడుగుతారు. ప్రతి ప్లేయర్‌కూ సర్వర్‌లో విడిగా అలారం ఉంది. ఒక్క జాగ్రత్త: పై 4లో కరెంటు పోయినా సమయం గుర్తుంచుకునే గడియారం లేదు. రాత్రి కరెంటు పోయి వచ్చి, ఆ వేళకు ఇంటర్నెట్ లేకపోతే సర్వర్ తప్పు సమయంతో లేస్తుంది, అలారం మోగదు. యూపీఎస్ ఉంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. లేదా చిన్న బ్యాటరీ ఉన్న ఆర్‌టీసీ మాడ్యూల్‌ను, అంటే కరెంటు లేకున్నా సమయం గుర్తుంచుకునే గడియారపు ముక్కను బోర్డుకు తగిలించండి. అలారం శబ్దాన్ని పగటి శబ్దంలో సగానికి పెట్టండి; తెల్లవారుజామున ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, పక్కింటివాళ్లు నిద్రలో ఉంటారు.

10. బ్యాకప్

□ పాటల డిస్కుకు నకలుగా రెండో డిస్కు. నెలకొకసారి కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టాలి
□ ప్లేలిస్టులు, సర్వర్ సెట్టింగుల ఫోల్డర్ కూడా ఆ కాపీలో ఉండాలి
□ క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి, ఇంట్లోవాళ్లు పాడినవి అంటే మళ్లీ ఎక్కడా దొరకనివి మూడో చోట, వేరే ఇంట్లో ఉండాలి
□ మెమరీ కార్డు మొత్తానికి ఒక ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి నకలు) తీసి, ఇంకో కార్డుకు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి

రెండో డిస్కును సర్వర్‌కే ఎప్పుడూ తగిలించి ఉంచడం బ్యాకప్ కాదు; పిడుగు పడితే రెండూ కలిసే పోతాయి. కాపీ పూర్తయ్యాక రెండో డిస్కు నుంచే ఒక ఆల్బమ్ తెరిచి ఒక పాట చివరిదాకా వినండి, ప్లేలిస్టు ఫోల్డర్‌లో ఫైళ్లు ఉన్నాయో లేదో చూడండి. మా అక్క ఇంట్లో డిస్కు, మా ఇంట్లో డిస్కు ప్రతి సంక్రాంతికీ చేతులు మారతాయి. ఆమె పాటల నకలు మా బీరువాలో, మావి చిత్తూరులో ఉంటాయి.